మా హాలులోని వెండితెర

ఈ సంచికకు చరిత్రవిషయకమైన వ్యాసమొకటి వ్రాయవలసినదని మన సంఘమువారు కోరినప్పుడు, చంద్రపురపు గోండురాజుల కోటను గూర్చియో, చైత్రమున మహాకాళి జాతరకు తెలుగునాటి నుండి వచ్చెడి యాత్రికులను గూర్చియో మేము వ్రాయుదుమని తలచి యుందురు. ఆ విషయములపై వ్రాయుటకు మాకంటె పెద్దలు కలరు. మేము మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, జీవితమంతయు గుమాస్తాగిరి చేసి విశ్రమించినవారము. మాకు తెలిసిన విద్య లెక్క వ్రాయుట, దస్త్రమును వరుసగా కట్టుట. కావున గత సంవత్సరము మా యింట జరిగిన యొక కొనుగోలును దస్త్రముగా తీసికొని, దాని వెనుకటి చరిత్రను త్రవ్వి చూచితిమి. ఆ కొనుగోలు హోమ్ థియేటరు. ఇదియు చరిత్రయేనా యని నవ్వువారు నవ్వవచ్చును. నాలుగు తరములవారు ఒక్క గదిలో కూర్చుండి ఒక్క భాషను వినగలరా లేదా యను ప్రశ్న దానిలో నుండుటచేత మాకు మాత్రము నవ్వు రాలేదు.

మా తల్లిగారికి 86 ఏండ్లు. కరీంనగరు పల్లెలో పెండ్లియైన మరుసటి యేడు బల్లార్షా స్టేషనులో రైలు దిగినది మొదలు ఈ ప్రాంతముననే యున్నారు. మరాఠీ సంతబేరమునకు చాలునంత నేర్చిరి. అంతకు మించి నేర్వలేదు. ఆమెకు మిగిలిన కాలక్షేపము తెలుగు చిత్రములు, తెలుగు ధారావాహికలు. నాలుగేండ్ల క్రిందట పాత డబ్బా టెలివిజను చెడిపోగా 43 అంగుళముల పలుచని దానిని తెచ్చితిమి. బొమ్మ అద్దమువలె నుండెను. కొలది నెలలకే ఆమె దాని ముందు కూర్చుండుట మానివేసిరి. వయస్సు పైబడినది, ఆసక్తి తగ్గినదని మేమే తీర్మానించుకొంటిమి. రెండేండ్లు అట్లే గడచినవి. ఆ రెండేండ్లను తలచుకొన్నప్పుడు ఇప్పటికిని మాకు సిగ్గు కలుగును. ఒకనాడు మా గృహిణి దగ్గర కూర్చుండి అడుగగా ఆమె చెప్పిన మాట ఇది: “బొమ్మ మంచిగనే కనబడ్తున్నది బిడ్డా. మాటలే బురదల పడ్తున్నయి.”

చెవి వైద్యునికి చూపించితిమి. వయస్సుతో సన్నని ధ్వనులు వినబడుట తగ్గినదనియు, లావుపాటి ధ్వనులు బాగుగనే వినుచున్నారనియు ఆయన చెప్పెను. చెవియంత్రమొకటి ఇప్పించితిమి. దానిని ఒక పూట పెట్టుకొందురు, రెండు పూటలు తీసి పెట్టెలో దాతురు. అయితే ఆ వైద్యుని మాట మాకు ఒక మర్మమును తెలిపెను. మన తెలుగు అజంతభాష యని పెద్దలందురు. ప్రతి మాట అచ్చుతో ముగియును. అచ్చులు బరువైన ధ్వనులు, దూరము పోవును. మాటను మాటనుండి వేరుచేసెడి హల్లులలో పెక్కు 2000 మొదలు 4000 హెర్ట్‌జుల ప్రాంతపు సన్నని ధ్వనులపై నిలిచియుండును. ఆమెకు అచ్చులు చేరుచున్నవి, హల్లులు దారిలో రాలిపోవుచున్నవి. ఏ పాట పాడుచున్నారో తెలియును, ఏమి పాడుచున్నారో తెలియదు.

ఇంతలో మరియొక సంగతి కంటబడినది. మా మనుమనికి 12 ఏండ్లు, మనుమరాలికి 8. బడిలో ఇంగ్లీషు, వీధిలో మరాఠీ, హిందీ. తెలుగు అన్నది పెద్దవ్వతో మాట్లాడుటకు మాత్రమే పనికివచ్చు నాణెమువలె వారి దగ్గర నున్నది. తెలుగు చిత్రము పెట్టినచో పది నిమిషములకొకసారి మా మనుమరాలు తల్లి కొంగు లాగి “కాయ్ మ్హణాలా?” అని అడుగును. దూరముగా మంచముపై నుండి మా తల్లిగారు “ఏమన్నడు?” అందురు. ప్రశ్న ఒక్కటే. వాడు ఏమన్నాడో ఇంటిలోని పెద్దామెకును తెలియదు, చిన్నదానికిని తెలియదు. నడుమనున్న మేము ఇరువురికిని చెప్పుచు చిత్రమును పోగొట్టుకొనుచుంటిమి.

దీనికి కారణము పలుచని టెలివిజనేయని తరువాత తెలిసికొంటిమి. వెనుకటి డబ్బా టెలివిజనులో చోటు చాల యుండెడిది. స్పీకరు మనవైపు ముఖము పెట్టి యుండెడిది. ఇప్పటివాటిలో వ్రేలి మందమున స్పీకరుకు చోటెక్కడిది? క్రిందికో వెనుకకో తిప్పి అమర్చుదురు. ధ్వని గోడకు తగిలి, నేలకు తగిలి, అటుపిమ్మట మన చెవికి వచ్చును. బొమ్మకై మాటను అమ్ముకొన్నట్లైనది.

ఇప్పుడు కొంత వెనుకకు పోవుదము.

తెరపై బొమ్మ, దానికొక గొంతు అను ఏర్పాటు మన వారికి సినిమాతో వచ్చినది కాదు. మా తల్లిగారు చిన్ననాట తోలుబొమ్మలాట చూచియున్నారు. తెల్లని పంచెను కట్టి, వెనుక ఆముదపు దీపములు వెలిగించి, రంగుల తోలుబొమ్మలను తెరకు ఆనించి ఆడించెడివారు. పాటయు మాటయు తెర వెనుకనుండి వచ్చెడివి. యుద్ధఘట్టమున ఆటగాండ్రు కాలి క్రింది కొయ్యపలకలను దబదబ త్రొక్కెడివారు. నేటివారు సబ్‌వూఫరు అనునది ఆ కొయ్యపలకయే. ఇందులో మన చంద్రపురపు తెలుగువారు గుర్తుంచుకొనదగిన విశేషమొకటి కలదు. ఆంధ్రదేశమున ఈ తోలుబొమ్మలాటను తరతరములుగా కాపాడిన ఆరెవారి ఇంటిభాష మరాఠీ. ఇంట మరాఠీ మాటాడుచు, రాత్రి తెర వెనుక నిలిచి రంగనాథ రామాయణపు ద్విపదలను తెలుగు పల్లెలకు వినిపించిరి. ఇంట తెలుగు మాటాడుచు బయట మరాఠీలో బ్రదుకుచున్న మనము వారికి అద్దములోని ప్రతిబింబమువంటివారము.

అచ్చు బొమ్మ కదలుట 1895 డిసెంబరు 28న పారిస్ నగరమున ల్యూమియర్ సోదరులు టిక్కెట్టు పెట్టి చూపిరి. ఆరు నెలలు దాటిన వెంటనే, 1896 జులై 7న, బొంబాయిలోని వాట్సన్ హోటలులో ఆ వింత ప్రదర్శింపబడెను. 1913లో ఫాల్కేగారి “రాజా హరిశ్చంద్ర” వచ్చెను. ఇవి మూగచిత్రములు, ఏ భాషవానికైనను ఒక్కటే. భాషల గోడలు లేచినది మాట వచ్చిన తరువాతనే. 1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ సినిమాలో “ఆలం ఆరా” విడుదల యైనది. ఆ స్టూడియో ప్రక్కనే రైలుమార్గ ముండుటచేత బండ్ల చప్పుడు మైక్రోఫోనులో పడకుండుటకై అర్ధరాత్రి దాటిన పిమ్మట చిత్రీకరించిరట. రైలు కట్టకు కూతవేటు దూరమున నివసించు మాకు ఆ బాధ బాగుగా తెలియును.

ఆ చిత్రమును తీసిన అర్దేషిర్ ఇరానీగారే మన తొలి పూర్తి తెలుగు టాకీయైన “భక్త ప్రహ్లాద”ను గూడ నిర్మించెను. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డిగారు, ఆడినవారు సురభి నాటకసమాజపు నటులు మొదలైనవారు. అది 1931లో విడుదలైనదని చిరకాలము వ్రాయుచు వచ్చిరి. 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమాహాలులో తొలుత విడుదలైనదని తరువాతి పరిశోధన తేల్చినది. అనగా తొలి పూర్తి తెలుగు టాకీని వెండితెర వినిపించినది ఈ మహారాష్ట్రభూమి పైననే. మన పిల్లలకు ఈ సంగతి చెప్పుట మంచిది.

మా బాల్యమున ఈ ప్రాంతపు పిల్లలకు సినిమా యనగా వినాయకచవితి పందిరి. వీధి నడుమ వెదుళ్లు పాతి తెల్లదుప్పటి కట్టెడివారు; కిర్రుకిర్రుమను చిన్న ప్రొజెక్టరు. ముందర పెద్దలు నిండిపోవుటచే మేము తెర వెనుక కూర్చుండెడివారము. వెనుకనుండి చూచినచో పేర్లన్నియు తలక్రిందులు కాదు గాని కుడి యెడమ తారుమారు. వీరుడు ఎడమచేత కత్తి దూయును. మాట మాత్రము ఇరువైపుల ఒక్కతీరుననే వినబడెడిది. ఏడాదికొక తెలుగు చిత్రము వేసినచో, కార్మికుల వాడలోని తెలుగు తల్లులందరును చాపలు తీసికొని సాయంకాలమే వచ్చి స్థలము పట్టుకొనెడివారు. ఆ ఒక్క రాత్రికై మరునాడు పనికి ఆలస్యముగా పోయి జీతము కోత పెట్టించుకొన్నవారు గలరు. పండుగలకు 1929లో పూర్తియైన బల్లార్షా–కాజీపేట మార్గమున కాగజ్‌నగరు దాక పోయి తెలుగు సినిమా చూచి రాత్రి బండికి తిరిగివచ్చిన బంధువులు మాకు కలరు.

ఇంటిలోనికి వచ్చిన తొలి సినిమాకు తెరయే లేదు. అది రేడియో. ఆకాశవాణి తెలుగు కేంద్రములు “సంక్షిప్త శబ్దచిత్రము” అను పేర ఒక చలనచిత్రపు మాటలను పాటలను గంటకు కుదించి ప్రసారము చేసెడివి. గరగరల మధ్య చెవి ఆనించి వినెడివారము. నాయిక ఏ చీర కట్టినదో మా తల్లిగారు చెప్పెడివారు. మా అక్కగారు కాదనెడివారు. బొమ్మ లేకున్నను లోటు తోచలేదు. 1980ల దశకమున వి.సి.ఆర్. అద్దెకు వచ్చినది, ఒక రాత్రికి తెచ్చి మూడు నాలుగు చిత్రములు తెల్లవారులు చూచి, ఎర్రని కన్నులతో ఆఫీసునకు పోయినది మాకు జ్ఞాపకము. దూరదర్శనమున తెలుగు చిత్రము రావలెనన్నచో ప్రాంతీయ చిత్రముల వంతు వచ్చు ఆదివారము దాక వేచియుండవలెను. 1995 ఆగస్టు 27న ఈటీవీ ప్రారంభమై ఉపగ్రహమునుండి తెలుగు దిగివచ్చిన తరువాతనే, ఈ ఊరిలో ప్రతి సాయంకాలము తెలుగు వినుట సాధ్యమైనది.

ఇక ధ్వని కథ. 1881లో పారిస్ విద్యుత్ప్రదర్శనమున క్లెమాన్ ఆడెర్ అను ఇంజనీరు రంగస్థలముపై పలుచోట్ల మైక్రోఫోనులు పెట్టి, దూరమందున్న గదిలో రెండు చెవులకు రెండు టెలిఫోనులిచ్చి గానము వినిపించెను. విన్నవారికి గాయకుడు ఎటు నడచుచున్నాడో తెలిసెనట. అర్ధశతాబ్దము తరువాత, 1931లో, ఇంగ్లండున అలన్ బ్లమ్‌లైన్ అను యువకుడు భార్యతో సినిమాకు పోయెను. నటుడు తెరకు ఒక చివర నుండగా మాట మరియొక చివరనున్న స్పీకరునుండి వచ్చుచుండుట ఆయనకు రోతగా తోచెను. ఆ సంవత్సరము డిసెంబరులోనే రెండు ఛానెళ్ల ధ్వనికి పేటెంటు దరఖాస్తు పెట్టెను. 1933లో అమెరికాలో బెల్ ప్రయోగశాలవారు ఫిలడెల్ఫియాలో వాయించుచున్న వాద్యబృందమును మూడు తీగలపై వాషింగ్టను సభకు వినిపించిరి. ఎడమ, కుడి మాత్రమే యున్నచో నడుమ ఖాళీ యేర్పడునని తెలిసి మూడవదానిని నడుమ పెట్టిరి. ఈ “నడిమి స్పీకరు”ను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. మా కథ దానిచుట్టునే తిరుగును. 1953లో సినిమాస్కోపు వచ్చినప్పుడు ఎడమ, నడుమ, కుడి, ప్రేక్షకుల చుట్టు అని నాలుగు ధ్వనిమార్గములు పెట్టిరి. తరువాతి కాలమున సంభాషణములు ప్రధానముగా నడిమి మార్గమునకు చేరినవి. 1992లో డాల్బీ డిజిటల్, 1993లో డి.టి.ఎస్. వచ్చి, ముందు మూడు, వెనుక రెండు, గర్జనమునకు వేరొకటి యను అమరిక స్థిరపడినది. దానినే “అయిదు పాయింటు ఒకటి” యందురు.

మనవారు ఇందులో వెనుకబడలేదు. 1974లో “అల్లూరి సీతారామరాజు” తొలి తెలుగు సినిమాస్కోపు చిత్రము. 1986లో “సింహాసనం” 70 మిల్లీమీటర్ల ఫిలిముపై ఆరు ట్రాకుల ధ్వనితో వచ్చెను. సినిమాహాలులో ఇంకొక రహస్యము గలదు. తెరకు సన్నని రంధ్రములుండును. స్పీకర్లు తెర వెనుకనే నిలిచియుండును. తోలుబొమ్మలవానివలెనే మాట బొమ్మ నోటినుండియే వచ్చును. ఇంటిలోని అద్దపు తెర వెనుక స్పీకరు పెట్ట వీలులేదు. ఆ లోటును తీర్చుటకే తెర క్రింద, సరిగా నడుమ, ఒకటి పెట్టవలసి వచ్చుచున్నది.

ఇంత తెలియకముందు మేమొకసారి మోసపోతిమి. సుమారు ఇరువది యేండ్ల క్రిందట దీపావళి తగ్గింపు ధరలో ఒక పెట్టెడు హోమ్ థియేటరు కొంటిమి. పెట్టెపై వేల వాట్లు, పి.ఎం.పి.ఓ. అని పెద్ద అక్షరములు. ఆ మాటకు నిర్ణీతమైన కొలత లేదనియు, క్షణములో పదవవంతు కూడ నిలువని శిఖరమును తోచినట్లు హెచ్చించి వ్రాసెడి సంఖ్య యనియు, కొనువాడు చూడవలసినది ఆర్.ఎం.ఎస్. అను నిలకడ శక్తి యనియు మాకప్పుడు తెలియదు. జీవితమంతయు ఇతరుల బిల్లులలో తప్పులు పట్టిన మేము మా బిల్లులో పట్టలేకపోతిమి. కిటికీలు గడగడలాడెను, మాట ఒక్కటి తెలియలేదు. అది మూడేండ్లకు మూగవోయి పాతసామానువానికి పోయినది.

అందుచేత ఈ మారు కుటుంబసభ చేసితిమి. మా కుమారుడు 65 అంగుళముల తెర కావలెనని పట్టుబట్టెను. వాని లెక్క తప్పు కాదు. కూర్చుండు చోటికి తెర వెడల్పు సుమారు 30 డిగ్రీల కోణము నిండవలెనని వృత్తిలోనివారు చెప్పుదురు. మా సోఫా తెరకు 9 అడుగుల దూరమున నున్నది. ఆ దూరమునకు 65 అంగుళములు సరిపోవును. మా 43 అంగుళములది 20 డిగ్రీలే నింపును. గోడంత బొమ్మ వేయు ప్రొజెక్టరు మాటయు వచ్చినది. ఊరిలో బొగ్గుధూళి సంగతి మనకు తెలియనిదా? ఉదయము తుడిచిన కిటికీచట్రము సాయంకాలమునకు నల్లబడును. ఆ కటకము లోనికి ధూళి పోయినచో ఏమగునో యని భయపడితిమి. పైగా వేసవిలో 45 డిగ్రీలు దాటు ఊరిలో మరియొక వేడిపెట్టె యెందుకు?

మేము కేటాయించినది 80,000 రూపాయలు. దానిలో పెద్ద తెరయు మంచి ధ్వనియు రెండును రావు. మా కోడలు మెల్లగా అన్నది: “మామయ్యా, బొమ్మ గురించి అత్తమ్మగాని పెద్దవ్వగాని ఎన్నడన్న అడిగిండ్రా?” సభ అక్కడితో ముగిసినది. పాత తెరనే ఉంచి సొమ్మంతయు ధ్వనిపై పెట్టుటకు నిశ్చయించితిమి. మా కుమారుడు రెండు దినములు మాతో ముక్తసరిగా మాటాడెను.

కొనుటకు నాగపూరు పోయితిమి. అంగడివాడు యుద్ధదృశ్యములు, విమానములు వినిపింపబోగా వలదని చెప్పి, ఫోనులో తీసికొనిపోయిన పాత తెలుగు చిత్రమును పెట్టించితిమి. ఒక ముసలివాడు గొణుగుచు మాటాడు దృశ్యము. నాలుగు జతలలో ఒక జత మాత్రమే ఆ గొణుగుడును మాటలుగా విడదీసెను. వానిలో అది చవుకదియు కాదు, ఖరీదైనదియు కాదు. స్పీకర్లకు 41,000, రిసీవరుకు 32,000, తీగలు, నిలువు స్టాండ్లకు 4,000, ఇంటి కరెంటుకు సరియైన ఎర్తింగు, స్టెబిలైజరు కొరకు 3,000. రాష్ట్రమునకంతకు కరెంటు చేయు ఊరిలో నున్నను హెచ్చుతగ్గులు మన పాలిటివే కదా. కొనువారు ఈ చివరి పద్దును మరువవలదు.

ఇంటికి తెచ్చి తగిలించితిమి. మాట తెర క్రిందనుండి సూటిగా వచ్చెను. ఐనను బురద పూర్తిగా పోలేదు. కారణము మా హాలు. 18 అడుగుల పొడవు, 12 వెడల్పు, 10 ఎత్తు. నేల నున్నని టైల్సు, గోడలు నున్నని ప్లాస్టరు. నడుమ నిలిచి చప్పట్లు కొట్టినచో గణగణమని మ్రోగును. ఒక మాట ప్రతిధ్వని చల్లారకముందే వెనుకటి మాట వచ్చి దానిపై పడును. దీర్ఘాచ్చులు గల మన భాషకు ఇది మరింత చెరుపు.

1895లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఇట్టి చిక్కే వచ్చినది. అచట క్రొత్తగా కట్టిన ఉపన్యాసశాలలో మాట పలికినచో అయిదున్నర సెకండ్ల దాక మ్రోగుచుండెను. విద్యార్థులకు ఏమియు తెలియకుండెను. వాలెస్ సబీన్ అను యువ అధ్యాపకుని దానిని బాగుచేయుమనిరి. ఆయన రాత్రివేళ ఎవరును లేనప్పుడు ప్రక్కనున్న శాండర్స్ నాటకశాలనుండి కుర్చీల మెత్తలు మోయించి తెచ్చి, ఒక్కొక్క వరుసగా పరచుచు, ఒక ఆర్గను గొట్టముతోను గడియారముతోను మ్రోత ఎంతసేపు నిలుచునో కొలిచెను. తెల్లవారకముందే మెత్తలు తిరిగి చేర్చవలెను. ఆ మెత్తలనుండియే గదులధ్వనిశాస్త్రము పుట్టినది. 1900లో బోస్టనులోని ప్రసిద్ధ సంగీతశాల ఆయన లెక్కతో కట్టబడినది.

మేము ఈ కథ చదివి చెప్పుచుండగానే మా గృహిణి లోనికి పోయి, అటకపైనున్న బొంతలన్నియు దింపించినది. మరాఠీవారు గోధడి యందురు; మా తల్లిగారు పాతచీరలతో కుట్టినవి, ఏడు గలవు. ఒకటి సోఫా వెనుక గోడకు వ్రేలాడదీసితిమి, రెండు ప్రక్కగోడలపై పలుచని పరదాల వెనుక, నేలపై జంపఖానా. ఒక్కొక్కటి పెట్టినకొలది చప్పట్ల మ్రోత తగ్గుచు వచ్చెను. సబీన్‌గారివలె గడియారము పట్టినవాడు మా మనుమడు. నాలుగవ బొంత తరువాత పెద్ద భేదము కనబడలేదు గనుక మూడు అటకపైకి తిరిగి పోయినవి.

సబ్‌వూఫరును మూలలో పెట్టినచో గర్జనము రెట్టింపగును. ఏ గదికైనను కొన్ని లావు ధ్వనులు తమంతట తాము ఉబ్బును. మా 18 అడుగుల పొడవునకు అది సుమారు 31 హెర్ట్‌జుల వద్ద పడును. దానికి తగిన చోటు వెదకుటకు ఒక వింత పద్ధతి కలదు. పెట్టెను మనము కూర్చుండు సోఫాపై పెట్టి, మనమేమో గోడల వెంట మోకాళ్లపై ప్రాకుచు, ఎక్కడ ధ్వని సమముగా వినబడునో అక్కడ పెట్టెను ఉంచవలెను. మా కుమారుడు ప్రాకెను. వాని వెనుక మనుమడు, మనుమరాలు ప్రాకిరి. చూచుచున్న మా తల్లిగారు నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకొనిరి. చివరకు నడిమి స్పీకరు మాత్రము తక్కినవానికంటె మూడు డెసిబెల్లులు హెచ్చించి, రాత్రివేళ గర్జనమును అణచి మాటను నిలుపు అమరికను రిసీవరులో పెట్టితిమి.

తొలినాడు “మాయాబజార్” వేసితిమి. 1957 నాటి ఆ చిత్రమునకు 2010లో రంగులద్ది, ధ్వనిని గూడ క్రొత్తగా డి.టి.ఎస్. పద్ధతికి మార్చి విడుదల చేసిరి. అందు శశిరేఖకు దొరకు ప్రియదర్శిని పేటికను పాఠకులెరుగుదురు. తెరచినచో దూరముననున్న ప్రియజనము కనబడును. ఢిల్లీలో దూరదర్శనము తొలి ప్రయోగములు 1959లో. అంతకు రెండేండ్ల ముందే మన చిత్రమువారు ఇంటిలో తెరను చూపిరి. మా తల్లిగారిని కుర్చీలో ముందునకు తెచ్చి కూర్చుండబెట్టితిమి. అర్ధగంట యామె ఏమియు అనలేదు. మేము తెరను గాక ఆమె ముఖమునే చూచుచుంటిమి. ఎస్.వి. రంగారావుగారు వచ్చి నోరు తెరువకముందే ఆమె ఆ మాటను తాననిరి. పిదప ఆయన అనెను. మా మనుమరాలు తెరవైపు, పెద్దవ్వవైపు మార్చి మార్చి చూచి, “అవ్వా, నీకెట్ల తెలుసు?” అని అడిగెను. తెలుగుననే అడిగెను. తరువాత చిత్రము పూర్తియగు వరకు ఆమెకు ముందుగా మాట చెప్పుట, ఈమెకు దానిని వెంటనే తెరమీద పట్టుకొనుట ఒక ఆటగా సాగినది. “కాయ్ మ్హణాలా” ఆ రాత్రి రెండు మూడు పర్యాయములకంటె వినబడలేదు.

వారము తరువాత మా కుమారుడు తన కోరికపై ఒక క్రొత్త చిత్రము పెట్టెను. అందులో ఎవడో వెనుకనుండి పేరు పెట్టి పిలుచును. వెనుక స్పీకర్లు అంతవరకు మిన్నకుండి ఒక్కసారిగా పలికినవి. మా తల్లిగారు ఉలికిపడి, “ఎనుక దర్వాజ కాడ ఎవరో పిలుస్తున్నరు, పోయి చూడుండ్రి” అనిరి. మా మనుమడు లేచిపోయి తలుపు తీసినట్లు నటించి వచ్చి, “ఎవరు లేరవ్వా, సినిమాల పిలిచిండు” అనెను. ఆమెకు నచ్చలేదు. “ముందటి మాట ముందటనే ఉండనీ. ఎనుకకెల్లి పిలిస్తే ఎట్ల?” అని ఆజ్ఞ యైనది.

ఆ మరునాడే వెనుకటి రెండు స్పీకర్లను విప్పి, పాత పంచెలో చుట్టి, మూడు బొంతల ప్రక్కన అటకపై పెట్టితిమి. లెక్కపుస్తకమున ఆ రెంటి వెల 9,000 రూపాయలను “నిలువ సామాను” పద్దు క్రిందికి మార్చి వ్రాసికొంటిమి. మా తల్లిగారు పగటినిద్రకు పోయినప్పుడు, మిత్రులు వచ్చిన దినమున మాత్రము, వానిని దింపుకొనుటకు మా కుమారునికి అనుమతి కలదు.